గుద్దును ఆపడమా? దారి మళ్ళించడమా?

సినిమాలో కథానాయకుడి మీదికి నలుగురు ఒక్కసారిగా వస్తారు. వాళ్ళలో ఒకడు బలంకొద్దీ పిడికిలి విసురుతాడు. కథానాయకుడు కదలడు, మెదలడు. ఎడమచేయి పైకెత్తి ఆ పిడికిలిని గాలిలోనే పట్టుకుంటాడు. హాలంతా ఈలలే ఈలలు! 1973లో బ్రూస్ లీ నటించిన 'ఎంటర్ ది డ్రాగన్' వచ్చాక ప్రపంచమంతటా ఇలాంటి పోరాటాల మీద మోజు పెరిగింది. ఆ మోజు మన ఊళ్ళకూ వచ్చింది. కరాటే నేర్పే బడులు వెలిశాయి.

సినిమా చూసి ఆనందించడంలో తప్పు లేదు. కాని ఇప్పుడు ఈ విద్య సినిమాహాలు దాటి తరగతిగది దాకా వచ్చింది. సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12 తరగతుల బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు. ఇది మంచి పనే. అయితే ఆ శిక్షణలో నేర్చుకున్నది అవసరం పడిన రోజున పనికి వస్తుందా, రాదా అన్నది చిన్న ప్రశ్న కాదు. లెక్క తప్పితే పళ్ళు రాలవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకని ఈ విషయాన్ని గురువుగారు చెప్పారనో, సినిమాలో చూశామనో నమ్మకుండా, తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంతో పరీక్షించి చూడాలని నా అభిప్రాయం. పదండి, చూద్దాం.

గుద్దు ఎంత వేగంగా వస్తుంది?

దీన్ని ఊహించవలసిన పని లేదు. కొలిచినవాళ్ళున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మైకేల్ ఫెల్డ్, రొనాల్డ్ మెక్‌నేర్, స్టీఫెన్ విల్క్ అనే ముగ్గురు కరాటే దెబ్బలను అతివేగ ఫోటోగ్రఫీతో చిత్రించి లెక్కలు కట్టారు. ఆ వివరాలు 1979 ఏప్రిల్‌లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో వచ్చాయి. తిన్నగా ముందుకు విసిరిన పిడికిలి గరిష్ఠ వేగం సెకనుకు 5.7 నుంచి 9.8 మీటర్ల దాకా ఉన్నట్లు తేలింది.

ఈ ముగ్గురిలో మెక్‌నేర్ గురించి ఒక మాట. ఆయన లేజర్ కిరణాల మీద పరిశోధన చేసిన భౌతిక శాస్త్రవేత్త. కరాటేలో బ్లాక్ బెల్ట్ సంపాదించినవాడు. తరవాత వ్యోమగామి అయ్యాడు. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక ప్రమాదంలో మరణించిన ఏడుగురిలో ఆయన ఒకడు. విద్యను ప్రేమించినవాడే దాన్ని కొలబద్దతో కొలిచి చూశాడు. కొలవడం వల్ల విద్యకు అవమానం జరగదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది?

ఆపడానికి ఎంత బలం కావాలి?

ఒక మనిషి 60 కిలోల బరువున్నాడనుకోండి. అతని ఒక్క చేయి బరువు శరీరంలో సుమారు ఇరవయ్యో వంతు, అంటే 3 కిలోలు. ఆ చేయి సెకనుకు 7 మీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం వస్తుంది కదా! 3ను 7తో గుణిస్తే 21. ఆ పిడికిలిని ఎదురుగా అడ్డుపెట్టి ఆపాలంటే ఈ 21 యూనిట్లనూ సున్నా చెయ్యాలి. దాని గతిజశక్తి సుమారు 73 జౌళ్ళు. ఆ శక్తినంతా ఎక్కడో ఒకచోట దిగమింగుకోవాలి. ఎక్కడ? అడ్డుపెట్టిన మీ ముంజేతి ఎముకలో, మణికట్టులో!

ఇప్పుడు మరో పద్ధతి చూద్దాం. పిడికిలి మీ ముఖానికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉండగా దాన్ని పక్కకు తోశారనుకోండి. ముఖాన్ని తప్పించడానికి అది 10 సెంటీమీటర్లు పక్కకు జరిగితే చాలు. 40 సెంటీమీటర్లు ముందుకు వచ్చేలోగా 10 సెంటీమీటర్లు పక్కకు జరగాలంటే, పక్కవేగం ముందువేగంలో నాలుగోవంతు ఉండాలి. అంటే సెకనుకు 1.75 మీటర్లు. దానికి కావలసిన ద్రవ్యవేగం 5.25 యూనిట్లు మాత్రమే. శక్తి లెక్క కడితే ఇంకా చిత్రం! పక్కకదలికకు కావలసిన శక్తి 5 జౌళ్ళ లోపే. ఆపడానికి దిగమింగవలసిన శక్తిలో ఇది పదహారో వంతు.

మరి మిగతా శక్తి ఏమయింది? ఎక్కడికీ పోలేదు. పిడికిలి అదే వేగంతో మీ చెవి పక్కనుంచి దూసుకుపోయింది. వస్తువు కదిలే దిశకు లంబంగా తోస్తే దాని ముందువేగం తగ్గదు, దారి మాత్రం మారుతుంది. గుద్దు బలంతో మీకు పోట్లాట లేదు. అది పోయే దారితోనే మీకు పని.

క్రికెట్ ఆడేవారికి ఈ సంగతి తెలుసు. రంజిత్‌సింహ్‌జీ పేరుతో ముడిపడిన లెగ్ గ్లాన్స్ దెబ్బ ఇదే కదా! వేగంగా వచ్చే బంతిని బ్యాటు కాస్త తాకుతుంది. బంతి తన వేగంతోనే బౌండరీకి పోతుంది. పల్లెల్లో పెరిగినవారికీ తెలుసు. బెదిరి పరుగెత్తుకొచ్చే గిత్తకు ఎవడూ రొమ్ము అడ్డుపెట్టడు. పక్కకు తప్పుకుంటాడు.

తూర్పుదేశాల పోరాట విద్యల్లో ఈ సూత్రం పాతదే. ఒకినావా ద్వీపంలో పుట్టిన కరాటేను గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో ప్రదర్శించి జపాన్ ప్రధాన భూభాగానికి పరిచయం చేశాడు. ఆ విద్యలో రక్షణ కదలికలను 'ఉకే' అంటారు. జపాను భాషలో ఆ మాటకు 'స్వీకరించడం' అని అర్థం. ఇంగ్లీషులో దాన్ని 'బ్లాక్' అన్నారు, మనమూ అదే పట్టుకున్నాం. ఎదురొచ్చినదాన్ని స్వీకరించి పంపించెయ్యడం వేరు, గోడలా అడ్డం నిలబడడం వేరు. మాట మారేసరికి నేర్చుకునేవాడి మనసులో బొమ్మ కూడా మారిపోయింది. చైనా వింగ్ చున్ విద్యలో అరచేత్తో చరిచి పక్కకు తోసే కదలికను 'పాక్ సావ్' అంటారు. పాశ్చాత్యుల బాక్సింగ్‌లో 'పారీ' అంటారు. పేర్లు వేరైనా పని ఒకటే.

ఎక్కడ తోయాలి?

ఇంటి తలుపును బందుల దగ్గర వేలితో తోసి చూడండి. కదలదు. గడియ దగ్గర తోయండి. సులభంగా కదులుతుంది. చేయి కూడా భుజం దగ్గర బందు ఉన్న తలుపులాంటిదే. అందుకే మోచేతికి పైన తోస్తే ఎక్కువ బలం కావాలి, మణికట్టుకు దగ్గరగా తోస్తే తక్కువ సరిపోతుంది.

ఇంకొక కిటుకు ఉంది. పిడికిలినే 10 సెంటీమీటర్లు జరపనక్కరలేదు. దాన్ని 5 సెంటీమీటర్లు జరిపి, మీ తలను దానికి ఎదురువైపుకు 5 సెంటీమీటర్లు జరిపితే ఫలితం ఒకటే. చేతికి పని సగం తగ్గుతుంది. అసలు తలతోపాటు కాళ్ళు కూడా పక్కకు కదిలితే, చేతికి పనే లేకపోవచ్చు. అనుభవమున్న గురువులు చేతులకన్నా కాళ్ళకు ఎక్కువ సాధన చేయించడంలోని రహస్యం ఇదే.

తోసేటప్పుడు అవసరానికి మించి తోయడం కూడా ప్రమాదమే. ఎదుటి చేతిని తోయబోయి మీ చేయి బారెడు దూరం పోయిందంటే, ముఖం ముందు కాపలా ఖాళీ. ఎదుటివాడికి రెండో చెయ్యి ఉందని మరచిపోకూడదు.

అసలు చిక్కు ఎక్కడుంది?

ఇంతవరకు చదివి, 'ఇంకేం! గుద్దు వస్తే పక్కకు తోసేస్తాం' అనుకుంటున్నారా? ఆగండి. బలం లెక్క చూశాం కాని కాలం లెక్క చూడలేదు.

కంటికి కనబడినది మెదడుకు చేరాలి, మెదడు నిర్ణయించాలి, ఆ ఆజ్ఞ నాడుల వెంట కండరానికి చేరాలి. వీటన్నింటికీ సమయం పడుతుంది. 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నాడిలో సంకేతం సెకనుకు సుమారు 27 మీటర్ల వేగంతో పోతుందని కొలిచాడు. మెరుపులా పోతుందనుకున్నది నిజానికి రైలుబండి వేగంతో పోతోంది! 1868లో డచ్చి శాస్త్రవేత్త డోండర్స్ మరో సంగతి కనిపెట్టాడు. ఏం చెయ్యాలో ముందే తెలిసినప్పటికన్నా, రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వచ్చినప్పుడు మనిషి ఆలస్యంగా స్పందిస్తాడు.

మీ స్పందనకు ఎంత కాలం పడుతుందో మీరే కొలుచుకోవచ్చు. ఒక 30 సెంటీమీటర్ల స్కేలును మీ స్నేహితుణ్ణి నిలువుగా పట్టుకోమనండి. సున్నా గీత దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తెరిచి సిద్ధంగా ఉంచండి. చెప్పకుండా అతను స్కేలు వదలాలి, మీరు పట్టుకోవాలి. స్కేలు 20 సెంటీమీటర్లు జారితే మీకు 0.2 సెకను పట్టినట్లు. 30 సెంటీమీటర్లు జారితే దాదాపు 0.25 సెకను. స్వేచ్ఛగా పడే వస్తువు సూత్రం మీకు తెలుసు కదా, లెక్క సరిచూసుకోండి. ఇప్పుడు రెండు చేతుల దగ్గర రెండు స్కేళ్ళు పెట్టి, ఏది వదులుతాడో చెప్పకుండా ఒకటి వదలమనండి. డోండర్స్ చెప్పింది మీ కళ్ళముందే కనబడుతుంది.

ఇక గుద్దు సంగతి. ఎదుటివాడు చేతికందే దూరంలో నిలబడ్డాడు. అతని పిడికిలి మీ ముఖానికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది. సున్నా వేగంతో మొదలై వేగం పుంజుకుంటుంది కనుక సగటున సెకనుకు 5 మీటర్లనుకుందాం. 60 సెంటీమీటర్లు రావడానికి పట్టే కాలం 0.12 సెకను. మీకు కదలిక మొదలుకావడానికే 0.2 సెకను కావాలి. మీ చేయి పైకి లేవడానికి మరికొంత. అంటే మీ మెదడు 'తోసెయ్' అని చెప్పేసరికి గుద్దు తగిలి, పిడికిలి వెనక్కి కూడా పోయి ఉంటుంది!

ఇంకొక్క లెక్క. ఎలాగో ఆలస్యంగా అందుకున్నారనుకోండి. పిడికిలి ముఖానికి 10 సెంటీమీటర్లలో ఉంది. ఇప్పుడు దాన్ని 10 సెంటీమీటర్లు పక్కకు జరపాలంటే పక్కవేగం కూడా సెకనుకు 7 మీటర్లు ఉండాలి. ద్రవ్యవేగం 21 యూనిట్లు. ఆపడానికి కావలసినంతే! ముందుగా తోస్తే నాలుగోవంతు పనితో పోయేది, ఆలస్యమైతే పూర్తి పనీ చెయ్యవలసిందే. మళ్ళింపులో ఉన్న లాభమంతా సమయంలోనే ఉంది.

మరి ఆరితేరినవాళ్ళు ఎలా తప్పించుకుంటున్నారు? వాళ్ళ నాడులు మనకన్నా వేగంగా పనిచేస్తాయా? 2002లో జపాన్ పరిశోధకులు కరాటే క్రీడాకారులను, కొత్తవారిని పోల్చి చూశారు. గుర్తు కనబడగానే మీట నొక్కే మామూలు పరీక్షలో ఇద్దరికీ పెద్ద తేడా కనబడలేదు. ప్రత్యర్థి దాడి చేస్తున్న వీడియో చూపినప్పుడు మాత్రం క్రీడాకారులు స్పష్టంగా ముందున్నారు. వాళ్ళకు గుద్దు రాకముందే దాని జాడ తెలుస్తుంది. భుజం కదలిక, నడుము తిరగడం, పాదం మీద బరువు మారడం వంటివి చదవగలుగుతారు. గంటకు 140 కిలోమీటర్ల బంతికి బ్యాటు అందించేవాడు కూడా బౌలరు చెయ్యి చూసే ముందుగా గ్రహిస్తాడు. ఈ చదువు ఏళ్ళ తరబడి సాధన చేస్తేగాని రాదు. అయినా కూడా తప్పులు జరుగుతాయి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచింది. అంతటి పోటీల్లో పోరాడేవారికి కూడా ప్రతి పోటీలో దెబ్బలు తగులుతూనే ఉంటాయి. మూడు నెలలు నేర్చుకున్నవారికి తగలవని ఎవరు చెప్పగలరు?

తగిలితే ఏమవుతుంది?

'ఒక్క గుద్దే కదా' అనుకోవద్దు. స్పృహ తప్పిన మనిషి చేతులు ఆన్చుకోకుండా మొదలు నరికిన చెట్టులా పడతాడు. ఒకటిన్నర మీటర్ల ఎత్తునుంచి పడిన తల నేలను సెకనుకు 5 మీటర్లకు పైగా వేగంతో తాకుతుంది. నేల సిమెంటుదైతే పుర్రె లోపల రక్తస్రావం జరిగి ప్రాణం పోవచ్చు. ఇలా ఒకే గుద్దుకు యువకులు చనిపోయిన సంఘటనల తరవాత ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2014లో ప్రత్యేకంగా చట్టమే చేసింది. బడి వెనక గోడ దగ్గర 'చూసుకుందాం రా' అని పిలుచుకునే మగపిల్లలు ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి. తప్పించుకోవడం ఎలాగో నేర్పవలసినది ఆడపిల్లలకైతే, గుద్దు ఎంత ఘోరమో నేర్పవలసినది మగపిల్లలకు. ఆత్మరక్షణ తరగతిని బాలికలకే పరిమితం చెయ్యడం నాకు సగం పాఠంగా తోస్తుంది.

నా సూచనలు

శిక్షణలో సామాన్యంగా ఏం జరుగుతుంది? పిల్లలు వరసల్లో నిలబడతారు. గురువుగారు లెక్క పెడతారు. ఒక వరస గుద్దుతుంది, రెండో వరస అడ్డుకుంటుంది. ఏ చెయ్యి వస్తుందో, ఎప్పుడు వస్తుందో, ఎక్కడికి వస్తుందో అందరికీ ముందే తెలుసు. అంటే డోండర్స్ చెప్పిన ఆలస్యం ఈ సాధనలో అసలు కనబడనే కనబడదు. 'ఇది అక్షరాభ్యాసం వంటిది, అక్షరాలు రాకుండా వాక్యాలు ఎలా వస్తాయి?' అని గురువులు అడుగుతారు. నిజమే. అక్షరాలు నేర్పవలసిందే. అయితే 'అ ఆ'లు దిద్దిన పిల్లవాడితో 'నీకిక భారతం చదవడం వచ్చు' అని చెప్పకూడదు కదా!

అందుకని మూడు సంగతులు చెప్పదలచాను.

మొదటిది, దూరం. మొదటి పాఠం చేతుల పాఠం కాకూడదు, దూరం పాఠం కావాలి. ఎదుటివాడికి కోపం వచ్చిందని తెలిసిన క్షణంలో చేయి బారుకు ఆవలికి, మరో అడుగు ఆవలికి జరగాలి. అప్పుడు కొట్టాలంటే అతను అడుగు ముందుకు వేయక తప్పదు. అడుగు చేతికన్నా నిదానం, పైగా కంటికి బాగా కనబడుతుంది. మీకు కావలసిన 0.2 సెకను అక్కడ దొరుకుతుంది. దూరమంటే కాలమే! జరుగుతూనే రెండు అరచేతులూ గుండె ఎత్తున ముందుకు చాచి, 'వద్దు, ఆగు' అని గట్టిగా అనాలి. అది పిరికితనం కాదు. చేతులు ముందే పైన ఉంటే, తోయడానికి అవి ప్రయాణించవలసిన దూరం తగ్గుతుంది. నలుగురికీ వినబడుతుంది కూడా.

రెండోది, కొలత. శిక్షణ జరిగే చోట ఒక స్కేలు, ఒక టేపు ఉంచండి. ఎవరి స్పందనకాలం ఎంతో రాసుకోండి. గురువుగారి పర్యవేక్షణలో, మెత్తటి దూది తొడుగులు వేసుకుని, ముఖానికి కాకుండా భుజానికి గురిపెట్టి, ముందుగా చెప్పకుండా నెమ్మదిగా తోయించండి. ఒక అడుగు దూరంలో పదింటికి ఎన్ని మళ్ళించారు? రెండడుగుల దూరంలో ఎన్ని? పట్టిక వెయ్యండి. ఆ పట్టిక చూసిన పిల్లకు 'దూరంగా ఉండు' అని మళ్ళీ చెప్పనక్కరలేదు. ఇంట్లో, గురువు లేకుండా ఈ ప్రయోగం చెయ్యకండి.

మూడోది, వెళ్ళిపోవడం. గుద్దును మళ్ళిస్తే పోరాటం గెలిచినట్లు కాదు. పారిపోవడానికి అర సెకను సంపాదించినట్లు. ఆ అర సెకనును ఎదురు గుద్దు వెయ్యడానికి ఖర్చు పెట్టకుండా, వెలుతురున్న చోటికి, జనం ఉన్న చోటికి పరుగెత్తడానికి వాడుకోవాలి. తరవాత అమ్మానాన్నలకో, ఉపాధ్యాయులకో చెప్పాలి. దెబ్బ తగిలినా, తప్పు మీది కాదు.

'ఇలా పరిమితులన్నీ చెబితే పిల్లల ధైర్యం చచ్చిపోదా?' అని కొందరు అనవచ్చు. తొట్టిలో చేతులాడించడం నేర్చినవాణ్ణి 'నీకు ఈత వచ్చింది' అని వరద గోదావరిలోకి పంపితే అది ధైర్యం నూరిపోయడమా? నది లోతు తెలిసినవాడిదే ధైర్యం. తెలియనివాడిది తెగింపు.

గుద్దును దారి మళ్ళించే విద్య అబద్ధం కాదు. అది న్యూటన్ సూత్రాలకు కట్టుబడి పనిచేసే చక్కని విద్య. అదే సూత్రాలు దాని హద్దులనూ చెబుతున్నాయి. ఈసారి కరాటే తరగతికి వెళ్ళేటప్పుడు సంచిలో ఒక స్కేలు పెట్టుకోండి. గురువుగారికి నమస్కరించి, 'ఈ గుద్దు నన్ను చేరడానికి ఎంతసేపు పడుతుందండీ?' అని అడగండి. మంచి గురువైతే కోప్పడరు. రండి, కొలుద్దాం అంటారు.